పొగమంచు అవతల ఏముంది?

1992లో వచ్చిన డ్యూన్ 2 అనే కంప్యూటర్ యుద్ధవ్యూహ ఆటలో తెలియని నేలంతా నల్లగా ఉండేది. ఒక్కసారి అటు వెళ్లొస్తే చాలు, ఇక ఎప్పటికీ కనిపిస్తూనే ఉండేది. 1995 నాటి వార్‌క్రాఫ్ట్ 2 ఆ వెసులుబాటు తీసేసింది. మన మనిషి అక్కణ్నుంచి కదిలాడంటే మిగిలేది నేల రూపమే. దానిమీద శత్రువు ఏం చేస్తున్నాడో తెలియదు; ఈ మరుగునే పొగమంచు అంటారు. అలా, చూసొచ్చిన సంగతి పాతబడటం మొదలైంది.

ఊహించడాన్ని విద్యగా మార్చింది మాత్రం 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్. దక్షిణ కొరియాలో అది కొందరికి వృత్తే అయింది. ఆట మొదట్లో ఆటగాడు ఖనిజం తవ్వే పనివాణ్ని ఒకణ్ని వేగుగా పంపుతాడు. వాడు వెళ్లినంతసేపూ తవ్వకం తగ్గుతుంది, అంటే సమాచారానికి ధర కట్టాల్సిందే. ఎదుటివాడు గ్యాస్ ముందే తీస్తుంటే ఖరీదైన ఆయుధాలు రాబోతున్నట్టు. సైనికులను తయారుచేసే బ్యారక్స్ ఈపాటికి ఉండాల్సినచోట కనిపించలేదంటే ఇంకా భయం: మన గుమ్మం పక్కనే ఎక్కడో దాచి కడుతుండొచ్చు.

ఇంత లెక్కా ఒక్కోసారి ఎందుకూ కొరగాదు. 2004లో ఎవర్ స్టార్‌లీగ్ సెమీఫైనల్లో లిమ్ యో-హ్వాన్ వరసగా మూడు ఆటల్లోనూ ఒకే ఎత్తు వేశాడు: మొదట్లోనే ప్రత్యర్థి స్థావరం మీదికెళ్లి బంకర్లు కట్టడం. హాంగ్ జిన్-హో 3-0తో ఓడిపోయాడు. అక్కడ కొరవడింది సమాచారం కాదని నా అభిప్రాయం. రెండుసార్లు దెబ్బతిన్నవాడు మూడోసారి ఏం అనుకుంటాడో ఊహించడమే అసలు ఆట.

పరిశోధకులు ఈ ఊహించడాన్ని వేరే వైపునుంచి పట్టుకున్నారు. 2009లో బెన్ వెబర్, మైకేల్ మాటియస్ వేల రీప్లేలు, అంటే ఆడేసిన ఆటల రికార్డులు తీసుకుని, ఏ భవనం ఏ నిమిషాన లేచిందన్న దాన్నిబట్టి వ్యూహాన్ని గుర్తించేలా కంప్యూటర్‌కు నేర్పారు. చిక్కల్లా, రీప్లేలో పొగమంచు ఉండదు, అంతా బయటే. అందుకే కొన్ని వివరాలు కావాలనే దాచి పరీక్షించాల్సొచ్చింది. 2011లో గాబ్రియెల్ సిన్నేవ్, పియెర్ బెస్సియేర్ దొరికిన కొద్ది ఆనవాళ్లతోనే ఏ ఆరంభ వ్యూహానికి ఎంత సంభావ్యత ఉందో లెక్కగట్టారు. నాకు ఇదే నిజాయితీ గల పద్ధతి అనిపిస్తుంది.

2018 డిసెంబరులో డీప్‌మైండ్ వారి కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆల్ఫాస్టార్ స్టార్‌క్రాఫ్ట్ 2లో మానా అనే ఆటగాణ్ని 5-0తో ఓడించింది. తర్వాత 2019 జనవరిలో ప్రత్యక్ష ప్రసారంలో, మనిషిలాగే కెమెరా జరుపుకుంటూ చూడాల్సిన కొత్త రూపంతో ఆడి ఓడింది. మానా ఒక ఎగిరే వాహనంలో బలగాన్ని తెచ్చి ఆల్ఫాస్టార్ స్థావరంలో దింపాడు, ఎక్కించుకుపోయాడు, మళ్లీ దింపాడు. ఆల్ఫాస్టార్ సైన్యం దాడి వదిలి ప్రతిసారీ ఇంటికి పరుగెత్తింది.