మౌలాలి కొండ కింద బస

చలి దేశాల్లో పర్వతారోహణ క్లబ్బులకు మంచు కొండల మీద చెక్క ఇళ్లుంటాయి. పగలంతా మంచులో జారడం, రాత్రి పొయ్యి చుట్టూ చేరి తినడం, పాడుకోవడం. మన పాతబస్తీకి మంచు ఎక్కడిది? కానీ ఊరు విడిచి కొండ కింద బస చేసే అలవాటు మనకూ ఉండేది. అదే మౌలాలి.

చార్మినార్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో ఉన్న యాకూత్‌కు 1578లో కల వచ్చిందనీ, తెల్లారి చూస్తే ఈ రాతి మీద హజ్రత్ అలీ చేతి గుర్తు కనిపించిందనీ కథ. అట్లా మొదలైన ఉర్సు రజబ్ నెల 17న జరుగుతుంది. 13న అలీ పుట్టినరోజు. ఆ క్యాలెండర్‌లో మనలాగ అధిక మాసం ఉండదు గనక, పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ మధ్య, 2024 నుంచి 2026 దాకా, జనవరి చలిలోనే వచ్చింది.

రెండో నిజాం కాలానికి ఇది దర్బారు పండుగైంది. నిజాం వస్తే అమీర్లు రాకుండా ఉంటారా? కొండ కింద బస కోసం ఇళ్లు, తోటలు కట్టుకున్నారు. మరి సామాన్య జనం? ముస్లింలూ హిందువులూ కలిసే దాదాపు 500 మెట్లు ఎక్కేవాళ్లు. మొక్కు అందరిదీ ఒకటే, బస మాత్రం ఎవరి తాహతు వాళ్లది.

నేను గౌలిపురాలో పెరిగాను. చిన్నప్పుడు మా నాయనమ్మ వెంట ఆ కొండకు పోయినప్పుడు, కింద గడ్డి మొలిచిన ఒక గోడ చూపించి ఇదేంటని అడిగితే, "ఎవరో ఆటగత్తె సమాధట, అటు పోకు బిడ్డా" అంది. చాలా ఏళ్లు నాకు తెలిసింది అంతే.

ఆమె మహలఖా బాయి చందా. 1768లో పుట్టారు. నిజాం వెంట యుద్ధయాత్రలకు వెళ్లారు, దర్బారులో అమీర్ల సరసన కూర్చున్నారు. 1798లో 125 గజళ్లతో దివాన్ కూర్చారు. ఉర్దూలో దివాన్ ఉన్న తొలి మహిళల్లో ఒకరు. తల్లి రాజ్ కన్వర్ బాయి 1792లో చనిపోతే, ఈ కొండ కిందే తోట, సమాధి, మసీదు, బావి కట్టించారు. పండుగ రోజుల్లో ఇక్కడే అతిథులు, పాటలు, కవిత్వం. 1824లో తానూ తల్లి పక్కనే పడుకున్నారు.

అమీర్ల ఇళ్లు చాలామటుకు పోయాయి. ఆమె కట్టింది నిలిచింది, కానీ ముళ్లపొదల మధ్య. 2010 తర్వాత అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. బయటివాళ్లు వచ్చి చెప్పేదాకా మనం "ఆటగత్తె" దగ్గరే ఆగిపోయాం. మా నాయనమ్మ తప్పు కాదది, ఆమెకు చెప్పినవాళ్లెవరూ లేరు.

ఈసారి కొండెక్కే ముందు కింద కాసేపు ఆగండి. వెంట వచ్చిన పిల్లలు అడిగితే, పేరు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.