3.2 మిల్లీమీటర్ల రిపేరు

2024 ఫిబ్రవరి తొలి వారం. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. రాత్రి పదిన్నర దాటింది. గరాజ్‌లో మీ టెస్లా మోడల్ వై ఛార్జింగ్‌లో ఉంది. అప్‌డేట్ వచ్చిందని ఫోన్‌లో కబురు. ఇన్‌స్టాల్ అయ్యేదాకా బండి కదలదు, ఛార్జింగూ ఆగుతుంది.

"ఏమండీ, పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపాలి. ఇప్పుడు దాంతో పెట్టుకోకండి!" లోపల్నుంచి కేక.

"అరగంటే. మనం పడుకునేలోపే అయిపోతుంది."

నొక్కేశారు. స్క్రీన్ నల్లబడింది. సీటు కింద ఎక్కడో టక్కుమంది. కాసేపటికి స్క్రీన్ మళ్లీ వెలిగింది. ఏం మారిందో వెతుకుతారు. పాటలు అవే, మ్యాపూ అదే. ఎడమ పక్కన ఎర్రగా 'పార్క్' అన్న అక్షరాలు మాత్రం కాస్త పెద్దవయ్యాయి. రిపేరంతా అదే.

నవ్వొస్తుంది కదూ? కానీ బ్రేక్, పార్క్, ఏబీఎస్ హెచ్చరికల అక్షరాలు కనీసం 3.2 మిల్లీమీటర్ల ఎత్తుండాలని అమెరికా నిబంధన. జనవరి 8న మామూలు తనిఖీలో ఒక మోడల్ వై ఈ కొలతకు తూగలేదని రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ పట్టుకుంది. అలా దాదాపు 22 లక్షల కార్లకు రీకాల్ పడింది. అమెరికాలో టెస్లా అమ్మినవి ఇంచుమించు అన్నీ ఇందులోకే వచ్చాయి. ఇన్ని బళ్లు సర్వీస్ సెంటర్ల ముందు వరస కట్టి ఉంటే ఎన్ని నెలలు పట్టేదో! ఇక్కడ స్పానర్ పట్టినవాడు లేడు. రీకాల్ గురించి యజమానులకు ఉత్తరం రాయాలని చట్టం చెబుతోంది గనుక అదీ పోస్టులో వస్తుంది, బండి బాగైపోయిన ఎన్నాళ్లకో.

పొద్దున ఐ-880 హైవే ఎక్కి ఆటోపైలట్ వేస్తారు. చెయ్యి కాస్త సడలిందో లేదో, స్క్రీన్ నీలంగా మెరుస్తూ స్టీరింగ్ పట్టుకోమంటుంది. ఈ పోరు డిసెంబరు నుంచి పెరిగింది. ఆగి ఉన్న పోలీసు, ఫైర్ వాహనాలను ఆటోపైలట్‌లో ఉన్న కార్లు గుద్దుతున్నాయని 2021 ఆగస్టులో దర్యాప్తు మొదలైంది. చివరికి 2023 డిసెంబరులో 20 లక్షలకు పైగా కార్లకు రీకాల్. దానికీ మందు అప్‌డేటే. అయితే ఆ అప్‌డేట్ అందుకున్న కార్లకూ 20 ప్రమాదాలు జరిగాయి. ఇచ్చిన మందు సరిపోయిందా అని 2024 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌టీఎస్ఏ మళ్లీ ఫైలు తెరిచింది. అక్షరం కొలత తేల్చడం సులువు. డ్రైవరు కళ్లు రోడ్డు మీదున్నాయో లేదో తేల్చడానికి ఏ స్కేలు పెడతాం?

అదే ఏప్రిల్‌లో రీకాల్ పడిన 3,878 టెస్లా సైబర్‌ట్రక్కులకు మాత్రం గాలిలో వచ్చే మందు పనిచెయ్యలేదు. యాక్సిలరేటర్ పెడల్ మీది తొడుగు సులువుగా ఎక్కాలని తయారీలో సబ్బు రాశారట. అది జారి పైన ఇరుక్కుంటే బండి దూసుకుపోయే ప్రమాదం. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లి రివెట్ కొట్టించుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో బండి ఉన్నవాళ్లకు ఒక మాట. అప్‌డేట్ వస్తే రేపటికి నెట్టకండి. అయ్యాక రిలీజ్ నోట్స్ చదవండి. ఏడాదికోసారైనా ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో మీ బండి గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాల విన్ నంబరు కొట్టి చూడండి. చెయ్యాల్సిన రిపేరు ఏదైనా మిగిలి ఉంటే అక్కడ కనిపిస్తుంది.