బొమ్మలో లేని గ్యాంగు

1869 మే 10. అమెరికాలోని యూటా ప్రాంతం, ప్రొమాంటరీ సమ్మిట్. దేశాన్ని అడ్డంగా దాటే రైలుమార్గం పట్టాలు ఆ రోజు అక్కడ కలిశాయి. తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్ ఇంజను, పడమటి నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ ఇంజను ఎదురెదురుగా ఆగాయి. వాటి ముందు రెండు కంపెనీల చీఫ్ ఇంజనీర్లు చేతులు కలిపారు. చుట్టూ కిక్కిరిసిన జనం. ఇంజన్ల మీదికెక్కి సీసాలు చాచినవాళ్లు. ఆండ్రూ జె. రస్సెల్ తీసిన ఆ ఫొటో తరాల తరబడి అమెరికా పాఠ్యపుస్తకాల్లో అచ్చవుతూ వచ్చింది. సెంట్రల్ పసిఫిక్ కూలీల్లో అత్యధికులు చైనీయులు. ఒక దశలో నూటికి తొంభై మంది దాకా వాళ్లేనని లెక్క. ఆ ఫొటోలో వాళ్లు కనిపించరు.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో గూడ్సుబండ్లనూ పట్టాల పనినీ కెమెరా ఎలా చూసిందో తెలుసుకోవాలంటే ఈ ఖాళీ దగ్గరే మొదలుపెట్టాలి.

రస్సెల్ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. అదే రోజు ఆయన తీసిన మరో చిన్న ఫొటోలో చివరి పట్టా దగ్గర చైనా కూలీలున్నారు. లోకం దాన్ని పట్టించుకోలేదు, అంతే. సెంట్రల్ పసిఫిక్ కోసం పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ హార్ట్ ఇంకా ఎక్కువే చూశాడు. రెండు కళ్లతో చూస్తే లోతు తెలిసే స్టీరియో ఫొటోలు 364 మిగిల్చాడు. సియెర్రా నెవాడా కొండల్లో సొరంగం తవ్వుతున్న చోట కావడితో టీ మోస్తున్న చైనీయుడి ఫొటో వాటిలో ఒకటి. నాకు ఆ మొత్తంలో అదే గొప్పది. గ్రానైటు కొండను రోజంతా తొలిస్తే అంగుళాల్లోనే ముందుకు సాగే ఆ పనికి ఊపిరి పోసింది ఆ కావడే.

ఆనాటి కెమెరా పరిమితి కూడా ఒకటుంది. గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. అందుకే చీకటిగదిని బండి మీద వెంట తిప్పుకునేవాళ్లు. కదిలేదేదైనా మసకబారిపోయేది. కాబట్టి తొలినాటి ఫొటోల్లో రైలు ఆగే ఉంటుంది, సమ్మెట ఎత్తినవాడు అలాగే ఎత్తి నిలబడి ఉంటాడు. పనిని చూపించాలంటే పని ఆపాల్సి వచ్చిన కాలమది.

పేర్ల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 1869 ఏప్రిల్ 28న సెంట్రల్ పసిఫిక్ ఒక్కరోజులో పది మైళ్ల పట్టాలు పరిచింది. ఆ రోజు పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ కూలీల పేర్లు చరిత్రలో నిలిచాయి. వాళ్లతోపాటు స్లీపర్లు సర్ది, మేకులు దించి, మట్టి కూరిన వేలాది చైనీయుల పేర్లు లేవు. కంపెనీ జీతాల పుస్తకాల్లో చాలాచోట్ల గ్యాంగు మేస్త్రీ పేరు రాసి సరిపెట్టారు. 1867 జూన్‌లో చైనా కూలీలు సుమారు మూడు వేల మంది సమ్మె చేస్తే, కంపెనీ తిండి సరఫరా ఆపి పని మళ్లీ మొదలుపెట్టించింది. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టమే వచ్చింది. ఆ తర్వాత పడమటి పట్టాల మీద జపనీయులు, మెక్సికన్లు, నవాహో తెగవాళ్లు పలుగూ పారా పట్టారు.

కెమెరా వేగం పెరిగింది. పరుగెత్తే రైలు ఫొటోకు దొరికింది. విచిత్రంగా, అప్పుడే మనిషి మరింత దూరమయ్యాడు. 1938లో ‘హై ఐరన్’ పుస్తకం వేసిన లూషియస్ బీబీ లాంటి వాళ్ల చేతుల్లో రైలు ఫొటోకు ఒక మూస స్థిరపడింది. ఇంజను ముఖం, ఒక పక్క, మీద నల్లటి పొగ. అందమైన మూసే. కానీ అందులో గ్యాంగుకు చోటు లేదు.

ఆ మూసను దాటినవాడు జాక్ డెలానో. 1914లో ఉక్రెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరినవాడు. యుద్ధకాలంలో ప్రభుత్వ సమాచార కార్యాలయం పంపగా 1942 చివర్లో షికాగో యార్డులకు వెళ్లాడు. 1943 మార్చిలో శాంటా ఫే కంపెనీ గూడ్సుబండ్లెక్కి, చివరనుండే సిబ్బంది పెట్టెల్లో ప్రయాణిస్తూ కాలిఫోర్నియా చేరాడు. దారిలో ఇంజను షెడ్లు, న్యూమెక్సికో ఎడారి స్టేషన్లు, పట్టాలు సరిచేసే గ్యాంగులు, ఎవరినీ వదల్లేదు. రాత్రిపూట యార్డులో కెమెరా కన్ను తెరిచే ఉంచితే, షంటింగ్ మనుషుల లాంతర్లు గాల్లో వెలుగు గీతలు గీశాయి. మనిషి చీకట్లో కలిసిపోయినా అతని చేతి కదలిక మిగిలింది. అయోవా రాష్ట్రం క్లింటన్ షెడ్డులో ఇంజన్లు తుడిచే ఆడవాళ్లు తలకు గుడ్డలు కట్టుకుని భోజనం చేస్తున్న రంగుల ఫొటో ఆయనదే. అన్నిటికంటే విలువైన పని, చాలా ఫొటోల కింద ఆ మనిషి పేరు, చేసే పని, ఊరు రాసిపెట్టడం. జీతాల పుస్తకం రాయనిది ఫొటో కింది వ్యాఖ్య రాసింది. అవన్నీ ఈ రోజు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఎవరైనా చూడొచ్చు.

తర్వాతివాళ్లలో రిచర్డ్ స్టైన్‌హైమర్‌ని తప్పక చెప్పుకోవాలి. డీజిల్ ఇంజన్లలో అందమేముందని చాలామంది కెమెరాలు దించేసిన రోజుల్లో ఆయన సదరన్ పసిఫిక్ బండ్ల వెంట డానర్ కనుమలో మంచుతుఫాన్లలో తిరిగాడు. చైనా కూలీలు తొలిచిన కొండలే అవి. మంచు తోసే బండ్లనూ, సిబ్బందినీ రాత్రివేళ ఉన్న వెలుగులోనే తీశాడు.

యంత్రాలు వచ్చాక గ్యాంగులు చిక్కిపోయాయి. కంకర కూరడం, పట్టా సాన పట్టడం యంత్రాల వంతయింది. ఫొటోగ్రాఫర్లు మాత్రం పెరిగారు. కాలిఫోర్నియాలో తెహాచపి దగ్గర 1876 నాటి వలయం ఉంది. పొడవాటి గూడ్సుబండి అక్కడ తన తోక మీదుగా తానే వెళుతుంది. ఆ దృశ్యం కోసం దేశదేశాల వాళ్లు గుట్టమీద కాపు కాస్తారు. ఆ వలయం కోసం మట్టి తవ్వినవాళ్లలోనూ ఎక్కువమంది చైనీయులే.

2014 మే 10న న్యూయార్కు ఫొటోగ్రాఫర్ కార్కీ లీ ఆ పాత లోటు తీర్చాడు. బడిలో చూసిన ప్రొమాంటరీ ఫొటోలో తనవాళ్లు లేరన్న బాధ ఆయన్ని జీవితమంతా వదల్లేదు. చైనా కూలీల వారసులను, ఇతర ఆసియా అమెరికన్లను అదే చోటికి పిలిచి, రెండు ఇంజన్ల నమూనాల ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. 2021లో ఆయన కన్నుమూశాడు. నూట నలభై అయిదేళ్ల తర్వాత తీసినా, నా దృష్టిలో ప్రొమాంటరీ అసలు ఫొటో అదే.

మన కొత్తవలస–కిరండూల్ మార్గం మీద కూడా రోజూ ఫోన్లు లేస్తాయి. అరకు సొరంగాలు, లోయలు, బైలదిల్లా ఇనుపరాయితో విశాఖకు దిగే బండ్లు. వానాకాలంలో కొండచరియలు జారిన చోట పట్టా నిలబెట్టే గ్యాంగ్‌మన్, సుత్తి భుజాన వేసుకుని తన బీటు నడిచే కీమన్ ఆ ఫొటోల్లో అరుదు. మీ ఇంట్లో పట్టాల మీద పనిచేసిన తాతగారి ఫొటో ఒక్కటున్నా సరే, దాని వెనక ఆయన పేరు, సెక్షను, సంవత్సరం ఈ రోజే రాసిపెట్టండి.