నస్‌బందీకీ ఫత్వాకీ నడుమ

మా కడుపుల లెక్క మాకంటే ఎదుటివాళ్లకే ఎక్కువ తెలుసు. ఎన్నికల మైకు దొరికితే చాలు, "హమ్ పాంచ్, హమారే పచ్చీస్" అని ఎవరో ఒకరు వెక్కిరిస్తారు. ఇటు మొహల్లా పెద్దమనిషి "ఔలాద్ అల్లా దేన్, అడ్డం పడడానికి మనమెవరం?" అంటాడు. ఇద్దరూ మాట్లాడేది మా ఆడవాళ్ల శరీరాల గురించే. ఇద్దరిలో ఒక్కరూ ఆమెను అడగరు.

ఆమె మాట ఎలా ఉంటుంది? పాతబస్తీ గల్లీల్లో అబార్షన్‌ని "సఫాయి" అంటారు. అంటే శుభ్రం చేయించుకోవడం. శుభ్రం చేయించుకున్నదంటే మైలపడిందనే కదా అర్థం! తెలుగు మాట్లాడే మా దూదేకుల ఇళ్లలో "కడుపు పోయింది" అంటారు. పోయిందా, తీయించుకుందా అని ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. ఈ నోరు మెదపనితనాన్ని మతం నేర్పిందని బయటివాళ్లు నమ్ముతారు. మాలోనూ చాలామంది అలాగే నమ్ముతారు. చరిత్ర మాత్రం వేరే మాట చెబుతోంది.

గర్భం రాకుండా చూసుకోవడాన్ని అరబీలో "అజ్ల్" అన్నారు. ఖురాన్ అవతరిస్తున్న రోజుల్లోనే తాము అజ్ల్ పాటించామని ప్రవక్త సహచరులు చెప్పిన మాట హదీసుల్లో ఉంది. 1111లో చనిపోయిన ఇమామ్ గజాలీ అజ్ల్‌ని ఒప్పుకున్నాడు. ఎక్కువ మంది పిల్లలైతే బతుకు భారమవుతుందన్న భయాన్ని కూడా సరైన కారణంగానే లెక్కగట్టాడు. కడుపు తీయించుకోవడాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. మాలికీ పండితులూ ఆ విషయంలో కఠినంగానే ఉన్నారు. మనదేశంలో ఎక్కువమంది ముస్లింలు అనుసరించే హనఫీ సంప్రదాయంలో కథ వేరు. పిండంలో ప్రాణం పడేది 120 రోజులకని లెక్కవేసి, తగిన కారణముంటే ఆ లోపు గర్భం తీయించుకోవచ్చని చాలామంది హనఫీ ఫకీహ్‌లు చెప్పారు.

ఔరంగజేబు కాలంలో, 17వ శతాబ్దంలో, కూర్చిన ఫతావా ఆలంగీరీలో ఒక ప్రస్తావన ఉంది. చంకలో పాలు తాగే బిడ్డ ఉండగానే తల్లికి మళ్లీ నెల తప్పింది. పాలు ఎండిపోయాయి. పాలిచ్చే దాయీని పెట్టుకునే తాహతు మొగుడికి లేదు. బిడ్డ బతకదేమోనన్న భయం. అలాంటి తల్లి, పిండానికి ఇంకా అవయవాలు ఏర్పడకముందు, 120 రోజుల లోపు, మందు పుచ్చుకోవచ్చని పండితులు అన్నారు. పేదరికం, పాలు, చంకలో బిడ్డ, ఇవన్నీ ఆ ధర్మశాస్త్రానికి కనిపించాయి. ఔరంగజేబు పేరు చెబితే ఉలిక్కిపడేవాళ్లకూ, పొంగిపోయేవాళ్లకూ ఈ పేజీ తెలియదు. యూనానీ వైద్యులు తరతరాలు చదువుకున్న ఇబ్నె సీనా గ్రంథం అల్ ఖానూన్‌లోనూ గర్భం రాకుండా చూసే మందులున్నాయి, వచ్చిన గర్భాన్ని తీసే మందులూ ఉన్నాయి.

అందరూ ఒకే మాట అన్నారని మేము చెప్పడం లేదు. ఇవాళ్టి ఉలేమాలో చాలామంది కఠినంగానే ఉన్నారు. మేము చెప్పేది ఒక్కటే. వాదం ఉండేది. వాదం ఉన్నచోట మాట ఉంటుంది.

మరి దీన్ని నేరం చేసిందెవరు? 1860లో ఇంగ్లీషువాడు తెచ్చిన ఇండియన్ పీనల్ కోడ్. దాని 312వ సెక్షన్ ప్రకారం ప్రాణం కాపాడడానికి తప్ప గర్భం తీస్తే మూడేళ్ల వరకూ, కడుపులో కదలిక మొదలయ్యాక అయితే ఏడేళ్ల వరకూ జైలు. కడుపు తీయించుకున్న ఆడమనిషి కూడా నేరస్తురాలే. హిందువూ ముస్లిమూ అన్న తేడా లేదు. 2024 జులైలో కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చినా ఆ సెక్షన్ నంబరే మారింది, నేరం మారలేదు.

అయినా ఉర్దూ నోరు మూసుకోలేదు. 1932లో లక్నోలో వెలువడ్డ "అంగారే" సంకలనంలో డాక్టర్ రషీద్ జహాఁ రాసిన నాటిక ఉంది. వరస కాన్పులతో ఒళ్లు చితికిపోయిన పర్దానషీన్ ఇల్లాలు అందులో తన గోడు వెళ్లబోసుకుంటుంది. రషీద్ జహాఁ ఆడవాళ్లకు వైద్యం చేసే డాక్టరు, రోజూ చూసిందే రాసింది. పెద్దమనుషులు మండిపడ్డారు. 1933 మార్చిలో సర్కారు పుస్తకాన్ని నిషేధించింది. మత పెద్దలూ తెల్ల దొరలూ ఒక్కటైన సందర్భాల్లో ఇదొకటి. హైదరాబాదుకూ తన జ్ఞాపకం ఉంది. పరిచారిక కాన్పులో చనిపోతే తట్టుకోలేక నిజాం కోడలు నీలోఫర్ పట్టుబట్టిన ఫలితమే 1953లో తెరుచుకున్న నీలోఫర్ దవాఖానా. తల్లి చావు ఇంటి నసీబు కాదు, ఊరి బాధ్యత అని ఆ గోడలు చెబుతూనే ఉన్నాయి.

1971లో ఎంటీపీ చట్టం వచ్చింది. నాటు పద్ధతుల్లో ఆడవాళ్లు చచ్చిపోతున్నారని, 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద వచ్చిన చట్టమది. జనంలోకి వెళ్లి దాన్ని వివరించాల్సిన సమయంలోనే ఎమర్జెన్సీ విరుచుకుపడింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు, ఎక్కువ భాగం మగవాళ్లకే. ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్‌లో ఇళ్లు కూల్చారు, కాల్పులు జరిపారు. పక్కనే నస్‌బందీ క్యాంపు. హర్యానాలో మేవ్ ముస్లింల ఊరు ఉత్తావర్‌ను 1976 నవంబరులో పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకుపోయారు. దళితులూ ఇతర పేదలూ కూడా ఆ కత్తికి బలయ్యారు. కానీ మా మీద పడ్డప్పుడు దానికి ఇంకో అర్థం వచ్చింది. సర్కారు మా సంఖ్యను కోయడానికి వచ్చిందన్న భయం గుండెల్లో నాటుకుంది. ఆ భయం తప్పని ఎవరనగలరు?

ఆ తర్వాత మా మొహల్లాల్లో నర్సమ్మ తలుపు తట్టినా నస్‌బందీయే గుర్తొచ్చింది. ఆడమనిషి ఆరోగ్యం, ఖౌమ్ ఇజ్జత్ ఒకే మూటలో కట్టేశారు. ఆ మూట మోసింది ఆమె. సర్కారు కూడా మగవాళ్లను వదిలి ఆడవాళ్ల వెంట పడింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ పేరుకే.

వెక్కిరించేవాళ్లకు ఒక లెక్క. 1992-93 సర్వేలో దేశంలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21లో 2.4 లోపే. ఏ లాఠీతోనూ తగ్గలేదిది. చదువు వచ్చింది, పిల్లలు బతికారు, ఆడవాళ్లే నిర్ణయించుకున్నారు. కానీ ఒంటరిగా, గుట్టుగా నిర్ణయించుకున్నారు. గుట్టుకు ఖరీదు ఉంటుంది. 2015లో దేశంలో 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయనీ, వాటిలో దాదాపు మూడొంతులు ఆస్పత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయనీ 2018లో ఒక అధ్యయనం అంచనా కట్టింది. అన్ని మతాల ఆడవాళ్లూ అందులో ఉన్నారు. మందుల షాపులో మాత్ర దొరుకుతుంది. ఎన్ని వారాల లోపు వేసుకోవాలి, రక్తం ఆగకపోతే ఎక్కడికి పరుగెత్తాలి, ఇవి చెప్పే మనిషి దొరకదు.

ఇక పోస్టర్ల సంగతి. ఆడపిల్లని తేలితే కడుపు తీయించడాన్ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది. మంచిదే. కానీ గోడల మీద "భ్రూణహత్య మహాపాపం" అని రాశారు. లింగ నిర్ధారణ నేరం, అబార్షన్ చట్టబద్ధం అన్న తేడా ఆ ఒక్క "హత్య" కింద నలిగిపోయింది. నలుగురు బిడ్డల తల్లి ఐదో కడుపుతో వచ్చి ఆ గోడ ముందు నిలబడితే హంతకురాలిననే అనుకుంటుంది.

కాబట్టి మేము కోరే చదువు ఇది. ఉర్దూ మాట్లాడేచోట దక్కనీలో, కోస్తా, రాయలసీమ ముస్లింల మధ్య వాళ్ల తెలుగులో మాట్లాడాలి. చెప్పేవాళ్లు మొహల్లా మనుషులై ఉండాలి. దాయీ, ఆశా కార్యకర్త, ఆడపిల్లలకు ఖురాన్ చెప్పే ఉస్తానీ కలిసి కూర్చోవాలి. ఆ 120 రోజుల వాదాన్ని ఉస్తానీ చెప్పాలి, చట్టాన్ని ఆశా చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, మొగుడి సంతకం చట్టం అడగదు. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకూ ఒక డాక్టరు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకూ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చాలు. పేరు బయటపెడితే శిక్ష ఉంది. పెళ్లికాని స్త్రీకీ ఇదే హక్కు ఉందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చిన్న సంగతులు తెలియకనే ఎందరో కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోయారు. మగవాళ్లకు కూడా పాఠం ఉండాలి. జుమ్మా రోజు మసీదు మెట్ల దగ్గర చెప్పగలిగితే ఇంకా మంచిది.

అబార్షన్ చేయించుకోమని మేము ఎవరికీ చెప్పం, వద్దని కూడా చెప్పం. చెప్పే హక్కు మాకు లేదు. దాదాపు మూడున్నర శతాబ్దాల కిందట ఒక బాలింత ఎండిన పాల గురించి పండితులు కూర్చుని మాట్లాడారు. ఇవాళ ఆ బాలింత స్వయంగా కూర్చుని మాట్లాడాలి. సర్కారూ, జమాతూ ముందు వినడం నేర్చుకోవాలి.