కోట, పబ్, కెమెరా: నాటింగ్‌హామ్ పాత చిత్రాలు



ఇంగ్లండు నడిభాగంలో నాటింగ్‌హామ్ ఉంది. 1897లో నగర హోదా పొందేవరకు అది పట్టణమే. దాని పాత ఫొటోలలో ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. నిట్టనిలువు ఇసుకరాతి కొండ, దానికి వీపు ఆనించినట్లు ఒక చిన్న తెల్లని పబ్. పబ్ అనగానే మీకు డాన్సులు గుర్తుకు రావచ్చు. అక్కడ అది సాయంత్రం జనం చేరి, బీరు తాగుతూ లోకాభిరామాయణం చెప్పుకొనే చోటు.

ఈ పబ్ పేరు 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేమ్'. నేడు దాని గోడ మీద క్రీ.శ. 1189 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది మొదటి రిచర్డ్ రాజైన సంవత్సరం. జెరూసలేమ్ యుద్ధానికి వెళ్లే సైనికులు ఇక్కడ ఆగేవారని కథ. కథ బాగుంది. కాని ఇప్పుడున్న కట్టడంలో పాత భాగాలు 17వ శతాబ్దానివి. వెనుక గుహలు మాత్రం అంతకంటే పాతవి. మెత్తని ఇసుకరాయి కాబట్టి చేతి పనిముట్లతో తొలవవచ్చు. లోపల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు, అందుకే బీరు నిల్వకు అనువు. ఊరి కింద ఇలాంటివి 800కు పైగా నమోదయ్యాయి. ఆ ఊళ్లోనే 'బెల్ ఇన్' అనే మరో పబ్ కూడా అందరికంటే పాతదాన్నని చెప్పుకొంటుంది. దాని దూలాల్లోని వలయాలు లెక్కిస్తే 15వ శతాబ్దం అని తేలింది. సైన్సు చెప్పేవాణ్ణి కదా, నేను గోడ మీది అంకె కంటే దూలాన్నే నమ్ముతాను!

ఇప్పుడు కొండ పైకి చూడండి. 1860ల ఫొటోలలో పైకప్పు లేని ఒక పెద్ద భవనం ఉంటుంది. కాలం తెచ్చిన శిథిలం కాదది. మరింతమందికి ఓటు ఇచ్చే బిల్లును 1831 అక్టోబరు 8న ప్రభువుల సభ తిరస్కరించింది. ఈ భవనం యజమాని అయిన న్యూకాజిల్ డ్యూక్ ఆ బిల్లుకు గట్టి వ్యతిరేకి. రెండు రోజుల తర్వాత జనం భవనాన్ని తగలబెట్టారు. డ్యూక్‌కు 21,000 పౌన్ల పరిహారం దక్కింది. మొండిగోడలు అలాగే ఉండి, 1878లో మ్యూజియం అయ్యాయి. తగలబెట్టిన జనం ఫొటో ఒక్కటీ లేదు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది 1839లో గదా!

కెమెరా వచ్చాక కూడా జనం అంత తేలిగ్గా చిక్కలేదు. గాజుపలకకు కలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. కాంతి పడటానికి తరచు కొన్ని సెకన్లు పట్టేది. గోడలు కదలవు కాబట్టి స్పష్టంగా వచ్చేవి; నడిచే మనిషి మసకబారేవాడు, లేదా అసలే కనిపించేవాడు కాదు. పాత ఫొటోలో వీధి ఖాళీగా ఉంటే వీధిలో ఎవరూ లేరని రాసేయకండి.

ఈ పద్ధతిలో ఆరితేరిన శామ్యూల్ బోర్న్ నాటింగ్‌హామ్ బ్యాంకులో గుమాస్తా. ఉద్యోగం వదిలి 1863లో కలకత్తా వచ్చాడు. కలకత్తాలో అతని పేరుతో నడిచిన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016 దాకా ఉంది. 1866లో హిమాలయాల్లో 18,000 అడుగులకు పైనున్న మణిరంగ్ కనుమను ఫొటో తీశాడు. గాజుపలకలు, రసాయనాలు, చీకటిగది గుడారం, అన్నీ అంత ఎత్తుకు మోసింది మన కొండ కూలీలు. వాళ్లలో ఎవరి పేరూ ఫొటో కింద ఉండదు. బోర్న్ తిరిగి నాటింగ్‌హామ్ వెళ్లి నూలు వ్యాపారం చేసి, 1912లో అక్కడే కన్నుమూశాడు.