మేజోడు అంచు, బర్కత్ అనే మాట

మా అమ్మీకి చాలా ఏళ్ళుగా షుగర్. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు ఉబ్బుతాయి. గచ్చు మీద వట్టికాళ్ళతో నడవొద్దు, మేజోళ్ళు తొడుక్కోండి, కానీ బిగుతువి వద్దు అన్నారు డాక్టర్ సాబ్. బజారులో ఏ జత కొన్నా పైన రబ్బరు పట్టీయే. రాత్రి విప్పితే పిక్క చుట్టూ ఎర్రటి గీత. "పర్వా నై బేటా" అనేది అమ్మీ. పర్వా నాకుంది. షుగర్ ఉన్న కాలి మీద చిన్న జఖమ్ ఎంత దూరం పోతుందో మన ఇళ్ళల్లో తెలియనిదెవరికి?

అలా నలభై దాటాక సలాయీలు పట్టాను. నేర్పింది ఖాలాజాన్. ఖాలూ నౌకరీ వల్ల ఢిల్లీ చలిలో చాలా ఏళ్ళు గడిపిన మనిషి. మా కర్నూలు ఎండకు ఊన్ పనికిరాదని సూతీ దారం తెచ్చుకున్నాను. చిన్న సలాయీలు ఐదు. నాలుగింటి మీద ఫందాలుంటాయి, ఐదోదానితో అల్లాలి. ఎక్కడా కుట్టు లేకుండా గొట్టంలా గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే.

నా మొదటి మేజోడు అమ్మీ మడమ దగ్గరే ఆగిపోయింది. అల్లిక సాగుతోంది, అంచు సాగడం లేదు. ఖాలాజాన్ చూసి "ఫందేచ్ గలత్ డాలే తూ" అంది. మొత్తం విప్పించి, మళ్ళీ మొదటి వరుస నుంచి కూర్చోబెట్టింది.

మామూలు పద్ధతిలో బొటనవేలి మీది దారం కింద సలాయీ దూర్చి, చూపుడువేలి మీది దారాన్ని లాక్కొస్తాం. ఖాలాజాన్ పద్ధతిలో సలాయీ బొటనవేలి దగ్గరున్న రెండు పోగుల కిందుగా వెళ్తుంది. వెనక పోగు మీదుగా లోపలికి దిగి ముందుకొస్తుంది. అప్పుడు చూపుడువేలి దారాన్ని అందుకుంటుంది. బొటనవేలిని కాస్త వంచితే మెలిక తెరుచుకుని దారి ఇస్తుంది. ఇలా ప్రతి ఫందా కింద ఒక అదనపు మెలిక మిగులుతుంది. అంచును లాగితే అందులో దాచుకున్న దారమే సాగుతుంది. మామూలుకన్నా దారం ఎక్కువ పడుతుంది కాబట్టి మొదట్లోనే తోక పొడుగ్గా వదులుకోవాలి. దీన్నే పుస్తకాల్లో జర్మన్ ట్విస్టెడ్ కాస్ట్ ఆన్ అంటారు, ఓల్డ్ నార్వీజియన్ అని కూడా అంటారు.

జర్మనీ, నార్వే పేర్లు వినగానే నాలోని సహాఫీ ఊరుకోలేదు. అదే వారం మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మామూ ఒక ఫార్వర్డ్ పంపారు: "అల్లిక ముసల్మానుల ఈజాద్." ఫఖ్ర్‌గా అనిపించింది. సబూత్ ఏమిటని వెదికాను.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్ర ఊన్ మేజోళ్ళ జత ఒకటుంది. ఇస్లాం రాకకు ముందు, రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టుది. చెప్పు పట్టీ పట్టేలా బొటనవేలు విడిగా ఉంటుంది. చూస్తే అచ్చం అల్లికే. ఇలాంటివాటిని చాలాకాలం అల్లికనే అనుకున్నారు కూడా. కెనడా పరిశోధకురాలు డొరొతీ బర్న్‌హామ్ 1972లో ఇది వేరే హునర్ అని వివరంగా చూపించింది. కన్నమున్న ఒకే సూదితో, ప్రతి ముడిలోంచీ దారం మొత్తాన్ని లాగుతూ చేసే పని అది. దాన్ని నాల్‌బైండింగ్ అంటారు. మన అల్లికలో ఒక కొస లాగితే వరుసలన్నీ ఊడిపోతాయి, అందులో అలా ఊడవు.

సలాయీల మీద ఫందాలతో చేసిన అసలైన అల్లికలో మనకు మిగిలిన అతి పాత నమూనాలు కూడా ఈజిప్టువే. కానీ ఇవి ముస్లిం పాలకుల కాలానివి. 11 నుంచి 14వ శతాబ్దాల మధ్యవంటారు. కొన్ని ఫుస్తాత్ తవ్వకాల్లో బయటపడ్డాయి. హజ్రత్ అమ్ర్ బిన్ అల్-ఆస్ 641లో వేసిన బస్తీ అది, ఇప్పుడు కైరోలో కలిసిపోయింది. వాషింగ్టన్ టెక్స్‌టైల్ మ్యూజియంలోనూ ఇలాంటి మేజోళ్ళున్నాయి. తెల్లని సూతీ దారం, నీలిమందు వేసిన నీలి దారం, సన్నని అల్లిక. అరబీలో ఆ రంగును నీల్ అనే అంటారు, ఆ మాట మన నేల నుంచి వెళ్ళిందే. ఉర్దూ మీడియం బడిలో నేను 'జురాబ్' అని రాసేదాన్ని, అది అరబీ 'జౌరబ్'. ఇంట్లో మోజే అనేవాళ్ళం. తెలుగు బి.ఏ.లో మేజోళ్ళు అని రాస్తుంటే అందులోనూ మోజా వినపడేది.

ఆ కారీగర్లు మేజోడును వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి అల్లారు. నన్ను ఏడిపించిన పై అంచు వాళ్ళకు చివర్లో వచ్చేది. ఈ కాలంలో అలా అల్లేవాళ్ళు రెండు సలాయీలను జతగా పట్టుకుని దారం చుట్టి మొదలుపెడతారు. దాన్ని టర్కిష్ కాస్ట్ ఆన్ అంటారు.

కొన్ని మేజోళ్ళ మీద కూఫీ లిపి లాంటి పట్టీ ఉంటుంది. దాన్ని 'అల్లాహ్' అని చదివినవారున్నారు, అక్షరాలను పోలిన నఖ్ష్ మాత్రమే అన్నవారూ ఉన్నారు. కాళ్ళకు తొడిగే వస్తువు మీద ఆ పాక్ నామమా అని నా మనసు ఒప్పుకోలేదు. కానీ మనసు ఒప్పుకోకపోవడం సబూత్ కాదు. అల్లిన చేయి ముసల్మానుదో, కిబ్తీ ఈసాయీదో చెప్పే పేరు కూడా ఆ మేజోళ్ళ మీద లేదు.

అనుమానం లేకుండా చదవగలిగిన మాట స్పెయిన్‌లో ఉంది. కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో కొడుకు ఫెర్నాండో దె లా సెర్దా 1275లో చనిపోతే బుర్గోస్ దగ్గర లాస్ ఉయెల్గాస్ మఠంలో ఖననం చేశారు. ఆ సమాధిలో పట్టు దారంతో అల్లిన దిండు గలేబు దొరికింది. దాని మీద గద్దలున్నాయి, లిల్లీ పూలున్నాయి, అంచు పట్టీలో కూఫీ అక్షరాల్లో ఒక అరబీ మాట ఉంది: బరకా. మనం రోజూ అనే బర్కత్. ఈసాయీ షెహజాదా తల కింద ఉన్న అది ముస్లిం కారీగర్ల పని అంటారు నిపుణులు.

ఆ తర్వాత సుమారు 1400లో జర్మనీలో మాస్టర్ బెర్ట్రామ్ ఒక చిత్రం గీశాడు. అందులో బీబీ మర్యమ్ కూర్చుని నాలుగు సలాయీల మీద కుట్టులేని అంగీకి మెడ అల్లుతుంటుంది. తల పట్టాలంటే ఆ మెడ అంచు కూడా సాగాల్సిందే కదా! రబ్బరు పట్టీ ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. అంతకు ముందు అల్లేవాళ్ళు అంచును చేత్తోనే సంభాళించుకున్నారు, మేజోడు జారితే మోకాలి కింద పట్టీ కట్టుకున్నారు.

మామూకు ఇలా రాశాను: "ఈజాద్ ఎవరిదో అనకండి మామూజాన్. మిగిలినవాటిలో అతి పాత అల్లిక ముస్లిం ఈజిప్టుది అనండి, చాలు. అది నిజం. నిజం మీద ఎవరూ వేలు పెట్టలేరు." మన తారీఖ్ మీద ఎవరో ఇల్జామ్ వేసినప్పుడు సబూత్ అడిగేది మనమే. మనకు నచ్చిన మాట వచ్చినప్పుడు కూడా అడగాలి. మామూ జవాబివ్వలేదు, కానీ మరుసటి రోజు ఆ ఫార్వర్డ్ తీసేశారు.

ఈసారి 64 ఫందాలు వేశాను, ఖాలాజాన్ పద్ధతిలో. మొన్న రాత్రి అమ్మీ కాలి నుంచి విప్పి, దీపం దగ్గర పిక్క తడిమి చూశాను. గీత లేదు. రెండో కాలిది మొదలుపెట్టాను.