లయ

‘గుండె లయ తప్పింది’ అని డాక్టరు అన్నప్పుడు వాడేది సంగీతం మాటే. మూలం సంస్కృత ధాతువు ‘లీ’: అంటుకోవడం, కరిగి కలిసిపోవడం. విలీనం, ప్రళయం దీని చుట్టాలే. సంగీత శాస్త్రంలో లయ అంటే దెబ్బ కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం.

1919లో విజయనగరంలో మొదలైన సంగీత పాఠశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆ ఎడం మీద ఆయన పట్టు ఎంతటిదంటే, చేతులు, కాళ్లు, తలతో ఒకేసారి అయిదు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి.

గుండెకు తాళం వేసేది కుడి పైగది (కర్ణిక)లోని సైనస్ నోడ్. విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు తనంతట తానే విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ తరంగం కింది గదులకు దిగేముందు మధ్యలో ఉన్న ఏవీ (AV) నోడ్ దగ్గర సుమారు సెకనులో పదోవంతు నిదానిస్తుంది. పైగదులు తమలో మిగిలిన రక్తాన్ని కిందికి వంపేసేది ఆ కాస్త ఎడంలోనే. లయ అనే మాటలో నాకు ప్రాణమైనది ఆ నిదానమే.